బేసి నెల

ఆయన పోయిన పదకొండో రోజు నుంచి నేను ఈ ఫ్లాట్ గడప దాటలేదు. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది. మా గుంటూరు వైపు దీన్ని మూల కూర్చోవడం అంటారు. భర్త పోయిన మనిషి ఇంట్లోనే ఉండాలి. పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకువెళ్ళి ఒక రాత్రి వేరేచోట నిద్ర చేయిస్తేనే మళ్ళీ బయట తిరగవచ్చు. అది కూడా బేసి నెలలోనే జరగాలి. మూడో నెలలో మా తమ్ముడు భానుమూర్తికి తుంటి ఎముక విరిగింది. అయిదో నెలకు వాకర్ పట్టుకుని నిలబడ్డాడు గాని తెనాలి నుంచి హైదరాబాదు దాకా కూర్చుని రాలేనన్నాడు. ఏడో నెలలో చూద్దామన్నాడు. మొన్న ఫోన్ చేస్తే తొమ్మిదో నెల అంటున్నాడు. పుట్టింటి తరఫున నాకు వాడు తప్ప ఎవరూ లేరు.

మాది ఎల్బీనగర్‌లో నాలుగో అంతస్తు. వంటింటి బాల్కనీ గ్రిల్ దగ్గర నిలబడితే పక్క బిల్డింగుల మధ్య సందులోంచి మెట్రో రైలు కనిపిస్తుంది, ఒక పెట్టె వెడల్పున. మిగతా రైలంతా శబ్దమే.

ఎదురు ఫ్లాట్‌లో నలుగురు ఆడపిల్లలు కిరాయికి ఉంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుని గ్రూప్స్ పరీక్షలు రాస్తున్నారు. వాళ్ళలో గీత అనే పిల్లది నల్లగొండ దగ్గర పల్లె. రూములో ఫోన్ల గోల భరించలేక సాయంత్రాలు మా హాల్లోకి వచ్చి చదువుకునేది. నేను బడిలో చదివింది అయిదో తరగతి. ఆ తరువాత చదువంతా పొట్లాల కాగితాల మీదా, అద్దె పుస్తకాల కొట్టులోనూ సాగింది. గీత తన సోషియాలజీ నోట్సు నా చేతికిచ్చి, "అడుగు అమ్మమ్మా" అనేది. నేను అడిగేదాన్ని. ఆమె కళ్ళు మూసుకుని చెప్పేది. సంస్కృతి, సాంఘికీకరణ, ప్రమాణాలనే కట్టుబాట్లు, పుట్టుకతో వచ్చే ఆపాదిత అంతస్తు, అన్నీ అలాగే నాకూ వచ్చేశాయి.

ఒకరోజు, "ఆంక్ష అంటే?" అని అడిగాను.

"ప్రమాణాన్ని పాటిస్తే సమాజం ఇచ్చే మెప్పు, తప్పితే ఏసే శిక్ష."

"శిక్ష వేసేదెవరో ఇందులో రాయలేదే."

"సమాజం అని రాసిన్రు కదా."

"అంటే ఎవరు? ఒక మనిషై ఉండాలి కదా, పేరుండాలి కదా."

గీత కళ్ళు తెరిచి నవ్వింది. "గది పరీక్షల రాదు అమ్మమ్మా. ముందుకు పో."

నేను ముందుకు పోయాను గాని ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

నిన్న సాయంత్రం గీత పుస్తకం లేకుండా వచ్చింది. రెండేళ్ళయినా ఉద్యోగం రాలేదు, ఊళ్ళో ప్రైవేటు బడిలో టీచరుగా చేరమని వాళ్ళ నాన్న పిలిచాడట. "రేపు పదింటికి పోతున్నం. అమ్మ ఒచ్చింది. నువ్వు గేటు కాడికి రావాలె," అంది. అని నాలుక కరుచుకుంది. "మర్చిపోయిన. నేనే పైకొచ్చి చెప్పిపోతాలే."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మా అమ్మ పోయినప్పుడు నేను రైల్లో ఉన్నాను. ఆయన పోయినప్పుడు ఆసుపత్రి వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చున్నాను. నా చేతులతో నేను ఎవరినీ సాగనంపలేదు. ఈ పిల్లనైనా ఆటో ఎక్కేదాకా చూడాలి.

పొద్దున తొమ్మిదిన్నరకు వంటింట్లో కోడలు భావన దగ్గర నిలబడ్డాను.

"భావనా, నేను కిందికి వెళితే నీకేమైనా పట్టింపా?"

ఆమె గరిటె ఆపింది. "నాకేం పట్టింపు అత్తయ్యా. మీ అబ్బాయికి అసలు ఈ నెలల లెక్కే తెలీదు. సూర్యప్రభత్తయ్యగారు ఏమనుకుంటారోనని ఊరుకున్నాం."

సూర్యప్రభ నా ఆడపడుచు, సైదాబాద్‌లో ఉంటుంది. వెంటనే ఫోన్ చేశాను.

"నేనా వదినా?" అంది. "నా మోకాళ్ళ గోలే నాకు సరిపోతోంది. నీ నెలలు లెక్కపెట్టే తీరిక నాకెక్కడిది? నీకే పట్టింపు ఎక్కువని అందరం నోరు మూసుకున్నాం."

"నాకు పట్టింపేంటి ప్రభా?"

ప్రభ గొంతు తగ్గించి, "పెద్దొదిన సంగతి మర్చిపోయావా?" అంది.

నేను కుర్చీలో కూర్చుండిపోయాను.

నలభై ఏళ్ళ కిందట, బాపట్లలో అందరం కలిసి ఉన్న రోజులు. మా పెద్ద తోటికోడలు కుసుమకుమారి భర్త పోయి మూలలో ఉంది. ఆమె కూతురు మృదుల నర్సు చదువుకు విశాఖపట్నం బయలుదేరింది. రిక్షా వాకిట్లో ఉంది. కుసుమక్క లేచి గుమ్మం దాకా వచ్చింది. అత్తగారు వెనక వంటింట్లో ఉన్నారు. ఆవిడ ఏమంటారోనని నేనే ముందు అడ్డం నిలబడ్డాను. "నాలుగో నెలక్కా. సరి నెలలో గడప దాటకూడదు. పిల్లకు మంచిది కాదు," అన్నాను. నాకు అప్పుడు ముప్ఫై ఒక్క ఏళ్ళు. కుసుమక్క కిటికీ దగ్గరికి వెళ్ళి చువ్వలు పట్టుకుని నిలబడింది. ఆ రాత్రి అన్నాలప్పుడు అత్తగారు, "వెళ్ళనిస్తే బాగుండేది. నువ్వు అనేశావని ఊరుకున్నా," అన్నారు. మరుసటి ఏడు కుసుమక్క వాళ్ళ అన్నగారి ఇంటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. పోయిన కబురు ఉత్తరంలో వచ్చింది.

గీత నోట్సులో లేని పేరు నాదే.

అది తెలిసినా కాళ్ళు కదలలేదు. తలుపు తీసే ఉంది. నన్ను ఆపే మనిషి ఇంట్లో ఎవరూ లేరు. నేను మాత్రం గడప ఇవతల నిలబడి, బేసి నెలే కదా, బేసి నెలే కదా అనుకుంటున్నాను. నిద్ర చేయించే పుట్టింటి మనిషి లేకుండా ఆ బేసి నెల దేనికి పనికొస్తుంది? గీత పైకి రానేలేదు. కింద ఆటో హారన్ రెండుసార్లు మోగింది.

నా చెప్పులు పదకొండో రోజే ఎవరో పారేశారు. భావన చెప్పుల్లో కాళ్ళు పెట్టాను, ఒక అంగుళం పెద్దవి. లిఫ్టు కిందే ఆగి ఉంది, సామాను దింపుతున్నారు కాబోలు. రెయిలింగు పట్టుకుని మెట్లు దిగాను. ఏడు నెలలుగా గదిలోంచి గదిలోకే నడిచానేమో, రెండో అంతస్తులో ఒక మెట్టు మీద కూర్చుని లేచాను. మూడోసారి హారన్.

కింద గేటు దగ్గర ఆటోలో ట్రంకుపెట్టె, బకెట్, చుట్టిన పరుపు ఎక్కించేశారు. గీత తల్లి కౌసల్యమ్మ ఆటోలో ఒక కాలు పెట్టబోతూ నన్ను చూసింది. నా బోసి నుదుటి మీద ఆమె చూపు ఆగింది. కాలు కిందికి దించింది.

"గీతా, జర ఆగు. మంచినీళ్ళు తాగి పోదాం."

"అమ్మా, బస్సు పోతది."

"ఇంకోటి ఒస్తది. కూసో."

గీతకు అర్థమై మొహం ఎర్రబడింది. "గిదేందమ్మా? అమ్మమ్మ ముంగట గిట్లనా?"

"నేనేమన్న? నీళ్ళు తాగుదామన్న, గంతే గద."

ఆటో నడిపే సైదులు స్టీరింగు మీద చేతులు వాల్చి, "పొద్దుగాల నుంచి నాకు పన్నెండు మంది ఎదురొచ్చిన్రు. అందరికీ నీళ్ళు తాగుకుంట కూసుంటే నా బండి ఎట్ల నడుస్తది అక్కా?" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకోని బండి బందువెట్టు," అంది కౌసల్యమ్మ.

గీత తల్లితో ఇంకా గొడవ పడబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టాను. "మీ అమ్మ చెప్పినట్టు విను. కూర్చో," అన్నాను. ఎదురు వచ్చినందుకు నాకు వేసిన శిక్ష గీతను మరికాసేపు నా పక్కన కూర్చోబెట్టింది. కుసుమక్కకు ఆ కాసేపు కూడా నేను ఇవ్వలేదు.

"నువ్వు గూడ కూసో పెద్దమ్మా. గన్ని మెట్లు దిగి ఒచ్చినవు," అని కౌసల్యమ్మ సీసా మూత తీసి ముందు నాకే ఇచ్చింది. నేను తాగాను. గీత తాగింది. కౌసల్యమ్మ అందరికంటే నెమ్మదిగా తాగింది.

"ఏమన్న అడుగు అమ్మమ్మా," అంది గీత, చున్నీ కొంగుతో నా మోకాలి మీద పడిన చుక్కలు తుడుస్తూ.

"జనరీతి అంటే?"

"ఎవరూ చెప్పకపోయినా అందరూ చేసేది."

"మీ బడి పిల్లలకు కూడా ఇలాగే చెప్తావా?"

"ఒకటో తరగతి పిల్లలు అమ్మమ్మా. వాళ్ళకు అ ఆ లు చెప్పాలె."

ఇద్దరం నవ్వాం. ఆమె భుజం నా భుజానికి తగులుతూ ఉంది. సీసా ఖాళీ అయ్యింది.

కౌసల్యమ్మ లేచి చీర దులుపుకుంది. "ఏమనుకోకు పెద్దమ్మా, ఇప్పుడు ఎక్కేటప్పుడు జర పక్కకు నిలబడు," అంది. ఆ మాట అనడానికి ఆమెకు కష్టంగానే ఉంది.

నేను గేటు స్తంభం వెనక్కి వెళ్ళాను. ఆటో బయలుదేరింది. గీత తల బయటికి పెట్టి చెయ్యి ఊపుతూనే ఉంది, సందు మలుపు తిరిగేదాకా. మొత్తం చూశాను.

స్తంభం వెనక నుంచి ఇవతలికి వచ్చి తల ఎత్తితే, నాలుగో అంతస్తులో భావన గ్రిల్ పట్టుకుని నాకోసం చూస్తోంది. అంత చిన్న గ్రిల్ అని కింద నుంచి చూస్తేగాని తెలియలేదు.