క్లారినెట్ తుడిచిన గుడ్డ

మా ఆయన క్లారినెట్ తుడిచిన గుడ్డ ఉతుకుతాండా. ఎంగిలి ఎండి అట్టగట్టుంటాది, నీళ్లు పడంగానే జిగట. పుట్టపర్తిలో మా వీధికి మూడు దినాలకొకసారి కొళాయి వస్తాది. నా తలకు నీళ్లు చాలకపోయినా దీనికి మాత్రం ఒక బిందె పక్కన పెట్టాల. వాయించే ముందు నానాలని, క్లారినెట్ మూతికి బిగించే రీడు పుల్ల నేను తాగే గ్లాసులోనే వేసిపోతాడు. పద్దెనిమిదేండ్లుగా ఆ గ్లాసు కడుక్కోని తాగుతాండా. థూ.

ఆశ్రమానికి వచ్చేపోయే విదేశీయుల కోసం ఈయన, ఓబుళేసు, ఒక గుంపు పెట్టుకున్నాడు. రెండు ఫ్లూట్లు, సన్నాయి మాదిరి ఉండే ఒక ఓబో, తన క్లారినెట్. ఈసారి జర్మనీ నుంచి వచ్చిన పెద్దామె వాళ్ల దేశం పాటల పుస్తకమిచ్చి, గొంతుకూ పియానోకూ రాసినవాటిని ఈ నాలుగు వాద్యాలకు మార్చి వాయించమనింది. "నేను చూసుకుంటా మేడం" అన్నాడు. చూసుకునేది నేను. మా నాయన కుళ్లాయప్ప కదిరిలో నాగస్వరం వాయించేటోడు. చర్చిలో ఇమ్మానుయేల్ సారు దగ్గర నాకు ఇంగ్లీషు సంగీతం చదివేది, రాసేది నేర్పించినాడు. పెండ్లయినాక నా చేతికి క్లారినెట్ రాలేదు, దాని గుడ్డ వచ్చింది.

పొయ్యి మీద పప్పు ఉడుకుతాంటే పక్కనే కూర్చోని ఇరవై దినాలు రాసినా. పియానో ఎడమచేతి పని ఎవరికియ్యాల, పాడే మనిషి ఊపిరి తీసుకునే చోట ఎవరు ఆగాల, అంతా నా తలకాయలోనే. ఒక పాట మరీ మెత్తనిది, దాని వరస ఓబోకిచ్చి క్లారినెట్‌ను కింద నడిపించినా. "నేను కింద గొణగాల్నా?" అని ఆ వరస తనకే తిరగరాయించుకున్నాడు. "మొగోని పేరు పైకి రావల్లంటే ఆడది అణిగుండాల్లేమ్మా" అనింది మా అత్త యశోదమ్మ. కచేరి కాగితంలో నా పేరు వేస్తావా అని ఒకే ఒకసారి అడిగినా. "జర్మనీ పాట కింద చౌడమ్మ అని వేస్తే నవ్వుతారే" అన్నాడు. ఏమే అనడమే గానీ, ఆ పేరు ఆయన నోట్లోంచి అంతకుముందు నేను వినింది లేదు.

నిన్న సాధనకు టీ ఫ్లాస్కు తీసుకోని పోయినా. ఇంకా మొదలుపెట్టలేదు. నేను రాసిన కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తాండాడు. క్లారినెట్ కాగితంలో స్వరాలు ఒక మెట్టు పైన ఉండాయి. ఉండాల. అది రాసినదానికంటే ఒక మెట్టు కింద పలుకుతాది, పైకి రాస్తేనే మిగతావాటితో కలుస్తాది. ఇన్నేండ్లు నేను అట్లా రాసిందే వాయించినాడు, పక్కోడి కాగితం ఏనాడూ చూడలేదు.

"చూడండప్పా, వంటింటి బుద్ధి. మెట్లు లెక్కపెట్టేదీ రాదు" అన్నాడు. ముగ్గురూ నవ్వినారు. అది కాదని చెప్పబోయినా. "నోరు మూసుకోని నాకు గూడా ఫ్లూటుకు ఉన్నట్టే రాసుకోని రా. రేపు నేరుగా స్టేజీ మీదనే వాయిస్తాం" అన్నాడు. నాకు కోపం గూడా రాలేదు. ఫ్లాస్కు ఆడనే పెట్టి ఇంటికొచ్చినా.

గుడ్డను బకెట్లోనే వదిలేసి లేచినా. చేతులు సోపుతో రెండుసార్లు కడుక్కోని కూర్చోని, ఆయన చెప్పినట్టే, ఫ్లూటుకు ఉన్నట్టే, ఒక్క చుక్క తేడా లేకుండా రాసినా. కింద పెద్ద అక్షరాలతో ఓబుళేసు అని పెట్టి, ఇస్త్రీ చొక్కా మీద పెట్టినా. సరైన కాగితం కింద చౌడమ్మ అని రాసి నా సంచిలో వేసుకున్నా.

సాయంత్రం కచేరికి నేనూ పోతా, ముందు వరసలోనే కూర్చుంటా. వాద్యాలు కలవక ఆగిపోయి ఆ సరైన కాగితం కావల్లంటే ఆయన స్టేజీ మీద నిలబడి, అందరూ వినేటట్టు, నన్ను పేరు పెట్టి పిలవాల.