మూడో అంకె

నరసింగరావు మొహమాటానికి మార్కులు వేసే మనిషి కాదు. పటాలంలో పదిహేడేళ్ళు చేసి, హిందీ నేర్చుకుని, కోటబొమ్మాళి తిరిగొచ్చి నాలుగెకరాల వరి చేస్తున్నాడు. డాబా మీంచి కొబ్బరిచెట్టుకు ఒక రాగితీగ కట్టాడు. దానికి తగిలించిన షార్ట్‌వేవ్ రేడియోలో రోజూ సందేళ ఆరున్నరకు, సముద్రాల అవతల ఒక చిన్న దేశం నుంచి అరగంట హిందీ కార్యక్రమం వస్తుంది. అది ఎలా వినబడిందో ఐదు అంకెల్లో రాసి, నెలకొకసారి రిపోర్టు పోస్టు చేస్తాడు. మూడో అంకె గోలకు, నాలుగోది గొంతు తగ్గి పెరిగేదానికి. ఐదు వేస్తే ఏ లోపమూ లేనట్టు, ఒకటి వేస్తే రేడియో కట్టేసుకోవచ్చు. రిపోర్టు అందగానే వాళ్ళొక బొమ్మల కార్డు పంపుతారు. అవి నూట పద్దెనిమిది గోడ నిండా ఉన్నాయి.

కార్డు కోసం అన్నిటికీ ఐదులు వేసేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. నరసింగరావు దృష్టిలో వాళ్ళూ, పాలలో నీళ్ళు కలిపేవాళ్ళూ ఒకటే.

మూడేళ్ళుగా మూడో అంకె రెండు దాటలేదు. ఆరున్నర అయ్యేసరికి గర్రుమని గోల మొదలయ్యేది. ముందు రైలు కరెంటు తీగలన్నాడు. తర్వాత సూర్యుడిలో మచ్చలన్నాడు. ఆఖరికి లైన్‌మన్ కొండబాబును మూడుసార్లు స్తంభం ఎక్కించాడు. మూడోసారి దిగి కొండబాబు చెమట తుడుచుకున్నాడు.

"స్తంభానికి ఏ జబ్బూ నేదు బావా. నీకేటైనా ఉన్నాదేమో సూపించుకో."

ఆ మాట కూడా తేదీ వేసి డైరీలో రాసుకున్నాడు.

ఈ కార్తీకంలో ఆ రేడియో వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది. హిందీ కార్యక్రమం నడిపే సుహాసిని సంతకం చేసింది. "నెలాఖరుతో మీ ప్రాంతానికి ప్రసారం ఆపేస్తున్నాం. అక్కడ మేం సరిగా వినబడటం లేదని మీ రిపోర్టుల వల్ల తేలింది. ఇంత నమ్మకంగా రాసినవారు మరొకరు లేరు. ధన్యవాదాలు."

నరసింగరావు రెండుసార్లు చదివాడు. దుఃఖం వచ్చింది. మరొకరు లేరన్న చోట కాస్త గర్వం కూడా వచ్చింది, దానికి సిగ్గుపడ్డాడు.

నాలుగు రోజులకు తుఫాను వచ్చి స్తంభాలు పడిపోయాయి. మర్నాడు సందేళ బ్యాటరీల మీద రేడియో పెడితే సుహాసిని వీధి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. కాగితం తిప్పిన చప్పుడు కూడా వినబడింది.

"తుఫాను ఆకాశాన్ని కడిగేసినాది" అన్నాడు భార్యతో.

నీలవేణి దేవుడి గూట్లో నూనెదీపం పెడుతోంది. "కడగడమేటి మావా. కరెంటు నేదు, అంతే."

మూడోనాడు కరెంటు వచ్చింది. ఆరున్నరకు నీలవేణి సందె దీపం వేళ అని గూటి స్విచ్ వేసింది. అమ్మవారి పటం చుట్టూ ఎర్రవీ పచ్చవీ లైట్లు పరుగెత్తాయి. రేడియో గర్రుమంది. నరసింగరావు లేచి స్విచ్ ఆపాడు. సుహాసిని వచ్చింది. వేశాడు. పోయింది.

"దేవుడి లైటుతో ఏటి ఆటలు?" అంది నీలవేణి.

అది మూడేళ్ళ కిందట కొత్తమ్మతల్లి జాతరలో కొన్నది. గూట్లో మేకులు కొట్టి, తిన్నగా ఉందో లేదో దూరం నుంచి చూసి మరీ బిగించింది ఆయనే.

ఆ పూట అన్నం సహించలేదు. "ఊరుకో, ఎవులికి తెలస్తాది" అంది నీలవేణి.

"నాకు తెలిసిపోనాది కదే."

మర్నాడు ఉత్తరం రాశాడు. పోస్టులో వెళితే నెల దాటిపోతుందని నెట్ సెంటర్లో స్కాన్ చేయించి మెయిల్ పంపించాడు. ఇంటికొచ్చి ఆ మూడేళ్ళవీ ముప్పై ఆరు కార్డులు గోడమీంచి ఊడదీశాడు. సున్నం కూడా కొంత ఊడింది.

నెలాఖరు రోజు నీలవేణి నూనెదీపం వెలిగించి, ఎవరూ చెప్పకుండానే ఇంటి మెయిన్ స్విచ్ ఆపేసి వచ్చి పక్కన కూర్చుంది. సుహాసిని ఆయన ఉత్తరం చదివింది.

"మూడేళ్ళ గోల మా ఇంటిది. మా దేవుడి గూట్లో లైటుది. మీ ప్రసారంలో లోపం లేదు. నా అంకెలు కొట్టేయండి, కార్డులు వెనక్కి పంపుతాను."

చదవడం అయ్యాక ఆమె అంది. "నరసింగరావు గారూ, మా పెద్దలకు చూపించాను. నిర్ణయం మారలేదు. కార్డులు పంపకండి. మీకు వినబడిందే మీరు రాశారు. ఇవాళ ఎలా వినబడ్డామో కూడా రాయండి."

తర్వాత వాళ్ళ ముగింపు బాణీ మోగింది. తర్వాత ఏమీ లేదు.

"గొంతు బాగున్నాది" అంది నీలవేణి. మూడేళ్ళలో ఆవిడ కూర్చుని వినడం ఇదే మొదటిసారి.

నరసింగరావు దీపం దగ్గరగా రిపోర్టు ఫారం పెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకుని ఐదు, ఐదు వేశాడు. మూడో గడి దగ్గర కొంచెం ఆగి, అక్కడా ఐదు వేశాడు. నాలుగో గడిలో నాలుగు వేశాడు.

"ఆకరిది కదా మావా, అక్కడా అయిదు ఎయ్యి."

"మద్దిలో రెండుసార్లు గొంతు తగ్గినాది" అన్నాడు నరసింగరావు.