జవాబు రాకపోతే

"అడిగానురా, సరే అంది. మీ వదినకేం అభ్యంతరం ఉంటుంది!" అని మా అత్తయ్య ఫోన్లో చిన్నకొడుకుతో చెప్తున్నారు.

నేను పక్కనే మిక్సీ ముందు నిలబడి ఉన్నాను. అడిగిన మాట నిజమే. మిక్సీ తిరుగుతుండగా వెనకనుంచి ఏదో అన్నారు. నేను దాన్ని ఆపి "ఏమిటత్తయ్యా?" అని తిరిగేసరికి ఫోన్ చెవికి చేరిపోయింది. విషయమేమిటంటే, మా మరిది ఈ ఆదివారం తన వ్యాపారంతో సహా మా ఇంటికి వచ్చేస్తున్నాడు. తనతోపాటు పనిచేసే మనుషులు కూడా రోజూ వస్తారు. ఇల్లుండగా వేరే ఆఫీసెందుకని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు. వాళ్లకిచ్చేది నేను పనిచేసుకునే చిన్న గది. "నీదేముంది, లాప్‌టాప్ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఫ్రిజ్ పక్కన చోటుందిగా" అన్నారు మా ఆయన, టేపు పట్టుకుని గోడలు కొలుస్తూ. ఫ్రిజ్ పక్కన చోటుందన్న మాట కూడా నిజమే. అక్కడ చీపురు పెట్టుకుంటాం.

ఆ గదంటే నాకు ప్రాణం. ఇంటి మొత్తానికీ నేను లోపలినుంచి గడియ పెట్టుకోగలిగిన తలుపు అదొక్కటే, స్నానాలగది కాకుండా.

అందులో కూర్చుని నేను చేసే పనేమిటో చెబితే నవ్వుతారు. నల్లటి తెర, దాని మీద అక్షరాలు తప్ప బొమ్మలుండవు. ఏదైనా కమాండ్ టైప్ చేస్తే అది పని మొదలుపెట్టే ముందు మనల్నే ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ ఫైళ్లన్నీ చెరిపేయమంటారా, అవునా, కాదా? మనం జవాబు టైప్ చేసేదాకా ఆగుతుంది. అది సరిగ్గా అడుగుతోందా, ఇచ్చిన జవాబుని సరిగ్గా అర్థం చేసుకుంటోందా అని పరీక్షించడం నా ఉద్యోగం. ప్రతిసారీ మనిషి కూర్చుని టైప్ చెయ్యడం కుదరదు కాబట్టి, మనిషిలా నటించే చిన్న చిన్న ప్రోగ్రాములు రాస్తాను. అవి రోజూ వాటంతటవే నడుస్తాయి. "ఇంట్లో ఎవరికీ జవాబు చెప్పదు గానీ, ఆఫీసులో మిషన్‌కి జవాబు చెప్పి జీతం తెచ్చుకుంటుంది" అని మా ఆయన చుట్టాల దగ్గర జోకు వేస్తారు. అందరూ నవ్వుతారు. నేను ఖాళీ కప్పులు తీస్తాను.

నాకు మాత్రం ఆ పనంటే భలే సరదా. ఒక్కో పరీక్షకీ ఒక్కో మనిషిని ఊహించుకుని పేరు పెట్టుకుంటాను. తొందరబాబు ప్రశ్న పూర్తికాకముందే ఎంటర్ కొట్టేస్తాడు. సందేహాలరావు సగం జవాబు టైప్ చేసి చెరిపేసుకుంటాడు. వాగుడుకాయ అవునా కాదా అంటే తన కథంతా మొదలుపెడుతుంది. వీళ్లందరినీ ఆ కమాండ్ మీదికి తోలి, టీ తాగుతూ చూస్తుంటే వేరే వినోదం అక్కర్లేదు.

ఆ రోజు మిక్సీ ముందు నోరెత్తని నాకు గదిలోకొచ్చి తలుపు వేసుకున్నాక ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే తట్టింది. నేను ఇన్నాళ్లూ కల్పించిన మనుషులంతా తప్పో ఒప్పో ఏదో ఒకటి చెప్పేవాళ్లే, అసలు జవాబే ఇవ్వని మనిషి ఒక్కరూ లేరు. వెంటనే ఒకామెను రాశాను. మౌనమ్మ అని పేరు పెట్టాను. ప్రశ్న వస్తుంది, ఆమె ఏమీ టైప్ చెయ్యకుండా కూర్చుంటుంది, అంతే. నడిపి చూశాను. కమాండ్ ప్రశ్న అడిగింది. కాసేపు ఆగింది. తర్వాత తనంతట తానే "అవును" అనేసుకుని ఫైళ్లన్నీ చెరిపేసింది. తెరమీద నెగ్గిన పరీక్షలన్నీ పచ్చగా ఉంటే, మౌనమ్మ ఒక్కతే తప్పినట్టు ఎర్రగా వెలిగింది.

వీడియో కాల్‌లో మా టీమ్ లీడ్‌కి చూపించాను. నాకన్నా చిన్నవాడు, మంచివాడు. "జవాబివ్వకుండా ఎవరు కూర్చుంటారు మేడం? అయినా మౌనం అర్ధాంగీకారం అంటారుగా" అన్నాడు.

"అర్ధమంటే సగమే కదండీ. మిగతా సగం ఎవరిచ్చారు?"

అతను పకపకా నవ్వేశాడు. సాయంత్రానికల్లా మార్పించాడు. ఇకనుంచి జవాబు రాకపోతే కాదనే లెక్క. మళ్లీ నడిపాను. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

తలుపు తీసేసరికి మా ఆయన గుమ్మం వెడల్పు కొలుస్తున్నారు, నా బల్ల బయటికి వస్తుందో రాదో అని.

"నేను గది ఇవ్వనండీ" అన్నాను.

"ఇదేంటి కొత్తగా? అమ్మ అడిగితే సరే అన్నావట!"

"అడిగారు. నేను జవాబు చెప్పలేదు."

"చెప్పకపోతే సరే అనే కదా!"

"కాదు. చెప్పకపోతే కాదు అని."

గొంతు పెంచలేదు. పెంచాలనీ అనిపించలేదు. లోపల హాయిగా, తేలిగ్గా ఉంది.

"నువ్వొక్కదానివే వద్దంటే ఎలా? ఇంట్లో అందరికీ ఇష్టమే. అమ్మకైతే ఎంత సంబరమో!" అన్నారాయన.

అత్తయ్య సోఫాలో కూర్చుని మోకాళ్లకి మందు రాసుకుంటున్నారు. నేను గదిలో పనిలో ఉంటే పగలంతా వంటింట్లో ఉండేది ఆవిడే. వచ్చేవాళ్లందరికీ టీలు, భోజనాలు ఆ మోకాళ్ల మీదే నడవాలి. వస్తున్నానని మరిది ఫోన్లో చెప్పి ఉంటాడే గానీ, రమ్మంటావా అని అడిగి ఉండడు. వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, వాళ్లంతా ఇక్కడికి రావడం మీకిష్టమేనా?"

ఆవిడ చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది. కొడుకు వైపు చూశారు. "అమ్మకేంటి..." అని ఆయన అందుకోబోతే "మీరుండండి" అన్నాను. తర్వాత ఇంకేమీ అనలేదు. ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగడం ఎలాగో ఈ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కుక్కర్ కూత వేసింది. అత్తయ్యా లేవలేదు, నేనూ లేవలేదు.

"నాకిష్టం లేదురా" అన్నారు అత్తయ్య, నాతో కాదు, కొడుకుతో.