చేప కడుపులో మాట

ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులూ ఓర్లీన్ పొద్దున్న ఏడింటికల్లా పడవను నీళ్ళలోకి దించేది. అంతకు ముందు మిస్ ఓపల్ కొట్లో ఒక కాఫీ, సాసేజ్ పెట్టిన రొట్టె ఒకటి. మిస్ ఓపల్ ఎరలూ గాలాలూ పెట్రోలూ అమ్ముతుంది. వాటితోపాటు టాలీ ఫోర్క్ జలాశయం చుట్టుపక్కల పది మైళ్ళ కబుర్లు ఊరికే ఇస్తుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"బాస్ చేపలు ఎంత లోతున ఉన్నాయంటున్నారు?" అని ఓర్లీన్ రోజూ అడిగేది.

"నిన్న ముప్ఫై అడుగుల్లో తగిలాయట. చలి ముదిరితే ఇంకా దిగుతాయి. అయినా నువ్వు నలభై అయిదు అడుగులకి తక్కువ లోతులో గాలం వెయ్యవుగా, నీకెందుకే ఈ లెక్కలు?"

"అడగాలి కదా అని అడిగానండీ."

పడవలు దించే సిమెంటు వాలు పక్కన పాత ఆకుపచ్చ ట్రక్కు ఒకటి ఆగి ఉండేది. అందులో డెంజిల్ ఉండేవాడు. స్టీరింగు మీద రెండు చేతులూ వేసుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చునేవాడు. రెండేళ్ళుగా అతను పడవెక్కలేదు. కొట్లోకీ రాడు. కాఫీ ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు. అతన్ని ఎవరూ పొమ్మనలేదు, అలాగని ఎవరూ రమ్మనీ అనలేదు. మావాళ్ళు మనిషిని వెలివేసేది అలాగే, మర్యాదకి ఎక్కడా లోటు రాకుండా.

ఓర్లీన్ మాత్రం ఆ ట్రక్కు పక్కనుంచి వెళ్ళేటప్పుడు రోజూ ఒకసారి ఉమ్మేసేది.

టాలీ ఫోర్క్ బాస్‌ల సంగతి మాకందరికీ చిన్నప్పటినుంచీ తెలిసిందే. ఆనకట్ట దగ్గర నూట ముప్ఫై అడుగుల లోతు. బాస్ కడుపులో గాలితిత్తి ఉంటుంది. చేపను లోతులోంచి పైకి లాగితే ఆ గాలి ఉబ్బుతుంది. ఇక అది కిందికి దిగలేక, పొట్ట పైకి పెట్టి తేలుతూ చచ్చిపోతుంది. అందుకని రెక్క వెనకాల బోలు సూది గుచ్చి, గాలి తీసి వదలాలి. మా జలాశయంలో ఆ గాలితోపాటు ఒక మాట కూడా బయటికి వస్తుంది. ఎవరో ఎప్పుడో ఆ నీళ్ళకి వదిలిన ఊపిరి, ఆ ఊపిరిలో పట్టినంత మాట. కొన్ని ఆనకట్టకి ముందు ఆ లోయలో ఉన్న ఊరివాళ్ళవి, కొన్ని తర్వాత మునిగినవాళ్ళవి. ఒకసారి వచ్చిందంటే అంతే, అదే మాట మళ్ళీ రాదు.

చాలావరకు పనికిమాలిన మాటలే. కిందటేడు ఒకాయన అయిదు పౌన్ల చేపను పట్టి, పడవ నిండా మనుషుల్ని పిలిచి సూది గుచ్చితే, "కోళ్ళగూడు తలుపు వేశావా?" అంది. అయినా పద్ధతి పద్ధతే. మాట వచ్చేటప్పుడు టోపీ తియ్యాలి. విన్నవాళ్ళు దాన్ని కడుపులో పెట్టుకోకూడదు, ఎవరిదో కనుక్కుని వాళ్ళకి చేర్చాలి. ఆ కోళ్ళగూడు మాట కోసం ఆయన నలభై మైళ్ళు కారు నడుపుకుంటూ వృద్ధాశ్రమానికి వెళ్ళి, తొంభై రెండేళ్ళ ముసలమ్మకి చెప్పాడు. "వేశానని అమ్మకి చెప్పు" అందట ఆవిడ.

ఓర్లీన్ వెతుకుతున్నది భర్త మాట.

ఎస్టిల్ ముప్ఫై ఏళ్ళు బొగ్గు గనిలో పనిచేశాడు. గనిలోంచి బయటికి వచ్చినా దుమ్ము మాత్రం అతని ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. చివరి పదకొండేళ్ళు చక్రాల ఆక్సిజన్ సిలిండరు, ముక్కులో గొట్టం. మంచం మీంచి కుర్చీకి వెళ్ళాలంటే మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. రాత్రుళ్ళు అతని ఊపిరి చివర సన్నగా ఈల వేసేది. ఆ ఈల ఆగితే ఓర్లీన్‌కి మెలకువ వచ్చేది.

రెండేళ్ళ కిందట అక్టోబరులో ఒక పొద్దున్న అతను చేపలకి వెళ్తానన్నాడు. నేనూ వస్తానంది ఓర్లీన్. "ఇవాళ డెన్‌కి మాటిచ్చాను" అన్నాడు. స్నేహితుడు డెంజిల్‌ని అతను డెన్ అనే పిలిచేవాడు. వాళ్ళు వెళ్ళాక చూస్తే సిలిండరు వంటింటి తలుపు దగ్గరే ఉంది. మర్చిపోయాడనుకుని దాన్ని కార్లో వేసుకుని ఒడ్డుకి పరిగెత్తింది. అప్పటికే పడవ కనుచూపు మేర దాటిపోయింది. తిరిగి వచ్చినప్పుడు అందులో డెంజిల్ ఒక్కడే ఉన్నాడు.

పడవ మునిగిన మొద్దుకి తగిలిందనీ, ఎస్టిల్ పడిపోయాడనీ, చెయ్యి అందుకున్నాననీ, జారిపోయిందనీ డెంజిల్ షెరిఫ్‌కి చెప్పాడు. చెప్తున్నప్పుడు నీళ్ళు నమిలాడు. ఈతగాళ్ళు అయిదు రోజులు వెతికి వెళ్ళిపోయారు. అంత చల్లటి లోతుల్లో మనిషి తేలడు. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద అందరి ముందూ ఓర్లీన్ అతని చొక్కా పట్టుకుంది. "జారలేదు. నువ్వే వదిలేశావు. నీ మొహంలో రాసి ఉంది. ఆ చెయ్యి పడిపోను!" అని తిట్టింది. డెంజిల్ చొక్కా విడిపించుకోకుండా తిట్లన్నీ నిలబడి విన్నాడు. ఆ రోజునుంచే చర్చిలో అతని పక్క బల్ల ఖాళీ అయింది.

తన మొగుడి ఆఖరి ఊపిరిలో తన పేరు ఉండి ఉంటుందని ఓర్లీన్ నమ్మకం. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం, ఆ మాత్రం ఉండదా? రెండేళ్ళుగా ఆమె పట్టిన చేపలు ఎవరెవరి మాటలో చెప్పాయి. అన్నిటినీ ఎవరివి వాళ్ళకి చేర్చింది. తన మాట మాత్రం తనకి చేరలేదు. మొదటి ఏడాది ఆశతో వెళ్ళింది. రెండో ఏడు ఇంట్లో ఉండలేక వెళ్ళింది.

ఆ గురువారం కూడా అలాగే వెళ్ళింది. మునిగిన ఊరి వంతెన ఎక్కడుందో ఆమెకి పడవలో లోతు చూపించే తెర చూడకుండానే తెలుసు. పాత నది అక్కడ మలుపు తిరుగుతుంది. ఆ మలుపు అంచున దేవదారు మొద్దులు ఇంకా నిలబడే ఉన్నాయి. చలి మొదలయ్యాక పెద్ద బాస్‌లు ఆ మొద్దులకి ఆనుకుని ఉంటాయి. సీసం గుండు కట్టిన రబ్బరు పురుగును ఎరగా జారవిడిచింది. నలభై ఎనిమిది అడుగుల దగ్గర గుండు అడుగుకి ఆని దారం వదులైంది. కదపకుండా కూర్చుంది. అంత లోతులో చేప గుంజదు, దారం బరువవుతుంది, అంతే, తడిగుడ్డ తగులుకున్నట్టు.

బరువైంది. ఓర్లీన్ గబగబా చుట్టింది. చేప మీద జాలి ఉన్నవాళ్ళు నెమ్మదిగా చుడతారు. గబగబా చుడితే గాలి బాగా ఉబ్బుతుంది, మాట స్పష్టంగా వస్తుంది. అది పాపమని ఆమెకి తెలుసు. తెలిసే రెండేళ్ళుగా చేస్తోంది.

నాలుగు పౌన్లకి తక్కువ ఉండదు. రాగిరంగు ఒళ్ళు, ఉబ్బిన పొట్ట, బయటికి పొడుచుకొచ్చిన కళ్ళు. పడవలోని నీళ్ళ పెట్టెలో దాన్ని పక్కకి తిప్పి పట్టుకుని, టోపీ తీసి, రెక్క వెనకాల సూది గుచ్చింది.

ముందు ఈల వచ్చింది.

ఓర్లీన్ ఆ ఈల పక్కన పదకొండేళ్ళు పడుకుంది. లక్ష ఊపిరుల్లో ఉన్నా అది ఆమెకి తెలుస్తుంది. ఈల తర్వాత "డెన్..." అని వినిపించింది.

ఆమె బొటనవేలు తనంతట తనే వెళ్ళి సూది ఇవతలి కొసన ఉన్న రంధ్రం మూసేసింది.

డెన్. ఓర్లీన్ కాదు. రెండేళ్ళు, ఇన్ని చేపలు, చివరికి డెన్. పడవలో కూర్చుని కాసేపు ఏడ్చింది, వేలు తియ్యకుండానే. తర్వాత ఏడుపు ఆగి కోపం వచ్చింది. మంచిదే అనుకుంది. మాట డెంజిల్‌దైతే డెంజిల్‌కే చేర్చాలి, పద్ధతి అదే. మిస్ ఓపల్ ఎదురుగా చేరుస్తుంది. నన్ను వదలకురా అని ఎస్టిల్ ఎలా బతిమాలుకున్నాడో అందరూ వింటారు. ఒక చెయ్యి నీళ్ళ పెట్టెలో, ఒక చెయ్యి మోటారు మీద పెట్టుకుని ఇరవై నిమిషాలు పడవ నడిపింది. ఒడ్డుకి వచ్చేసరికి బొటనవేలికి స్పర్శ లేదు.

"మిస్ ఓపల్! ఒకసారి బయటికి రండి!"

మిస్ ఓపల్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆ కేక విని డెంజిల్ ట్రక్కు దిగాడు. నీళ్ళ పెట్టెలో ఓర్లీన్ చెయ్యి ఎలా ఉందో చూడగానే అతని మొహం పాలిపోయింది.

"నీ మాట తెచ్చాను డెంజిల్" అంది ఓర్లీన్.

"ఎవరిది?"

"ఎవరిదో నీకు తెలీదూ? నీ పేరుతోనే మొదలైంది."

"వద్దు ఓర్లీన్. వేలు తియ్యకు. ఆ చేపని నాకిచ్చెయ్, కోసేస్తాను. వండుకో, పారేసుకో, ఏమైనా చేసుకో. వినకు."

"భయమేస్తోందా?"

"నా గురించి కాదు."

"అబ్బో! నా గురించా? రెండేళ్ళకి గుర్తొచ్చానా నీకు?"

"మాటని చంపడమేమిటయ్యా డెంజిల్?" అంది మిస్ ఓపల్. "మంచో చెడో, చేర్చాల్సిందే. అది నీ ఇష్టమూ కాదు, ఓర్లీన్ ఇష్టమూ కాదు." ఆవిడ టోపీ తీసి గుండెకి ఆనించుకుంది.

డెంజిల్ ఇంకేదో అనబోయాడు. ఓర్లీన్ వేలు తీసేసింది.

సన్నటి బుడగలు వచ్చాయి. ఎస్టిల్ గొంతు, పక్కన నిలబడి మాట్లాడినంత దగ్గరగా.

"...వదిలెయ్. ఓర్లీనైతే... వదలదు."

ఈల ఒకసారి వినిపించి ఆగిపోయింది. మామూలు బుడగలు రెండు వచ్చాయి.

పడవ సిమెంటుకి తగులుతూ చప్పుడు చేస్తోంది.

"పడవ మొద్దుకి తగల్లేదా?" అని అడిగింది ఓర్లీన్.

"లేదు. వంతెన దగ్గర మోటారు ఆపమన్నాడు. ఆపాను. తనే దిగాడు." డెంజిల్ తన కుడిచేతికేసి చూసుకున్నాడు. "చెయ్యి పట్టుకున్నాను. ఎంతసేపు పట్టుకున్నానో నాకే తెలీదు. తను అలా అడుగుతూనే ఉన్నాడు. వదిలేశాను ఓర్లీన్. చర్చి దగ్గర నువ్వన్నది నిజమే."

"సిలిండరు?"

"మర్చిపోలేదు."

"మరి నాకు చెప్పచ్చుగా! నా చేత అన్నన్ని మాటలనిపించుకుని..."

"నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఎవర్నో ఒకర్ని తిట్టుకోకపోతే నువ్వు బతకవన్నాడు. అది తనైతే నువ్వు తట్టుకోలేవన్నాడు."

ఓర్లీన్ పడవ అంచు మీద కూలబడింది. కోపం కోసం వెతుక్కుంది, దొరకలేదు. ఆమె కోరుకున్నట్టే ఆ ఊపిరిలో ఆమె పేరు ఉంది. ఆమె నుంచి తప్పించుకుపోతూ తలుచుకున్న పేరు. ఎస్టిల్ చెప్పింది నిజమే. ఆ పడవలో ఆమె ఉండి ఉంటే వదిలేది కాదు. భుజం ఊడిపోయినా వదిలేది కాదు. ఈడ్చుకొచ్చి, మళ్ళీ గొట్టం తగిలించి, మళ్ళీ రాత్రంతా ఆ ఈల వింటూ పడుకునేది. ఇంకో ఏడాదో, రెండేళ్ళో. అతను దాన్నుంచే పారిపోయాడు. ఆ సంగతి ఆమెకి కత్తిలా దిగింది, ఇక ఎప్పటికీ తీసెయ్యడానికి లేకుండా.

"చేప" అంది మిస్ ఓపల్ మెల్లిగా.

నీళ్ళ పెట్టెలో బాస్ పక్కకి వాలిపోయి ఉంది. ఓర్లీన్ సూది తీసింది కానీ చేపని ఎత్తలేకపోయింది. డెంజిల్ బూట్లతోనే నీళ్ళలోకి దిగాడు. రెండేళ్ళ తర్వాత ఆ నీళ్ళు అతనికి తగలడం అదే మొదలు. కింది దవడ దగ్గర చేపని పట్టుకుని, పెట్టెలోంచి నీళ్ళలోకి దించి, ఒళ్ళు నిటారుగా నిలబెట్టి, మొప్పల్లోకి నీళ్ళు వెళ్ళేలా ముందుకీ వెనక్కీ ఆడించాడు. చాలాసేపటికి తోక కదిలింది. తర్వాత గట్టిగా కొట్టుకుంది. అయినా అతని వేళ్ళు విచ్చుకోలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో, చేపని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"వదిలెయ్ డెంజిల్" అంది ఓర్లీన్.

అతను తలెత్తి చూశాడు.

"నేను చెప్తున్నాగా. వదిలెయ్."

వేళ్ళు విచ్చుకున్నాయి. రాగిరంగు వీపు ఒక్కసారి కనపడి లోతులోకి జారిపోయింది. వదిలిన చేప సగం చచ్చి ఉంటే కాసేపట్లోనే పైకి వస్తుంది. ఇద్దరూ ఆ చోటుకేసే చూస్తూ ఉండిపోయారు. ఏదో ఒకటి తేలాలని రెండేళ్ళు ఆ నీళ్ళని చూసిన ఓర్లీన్, ఆ పూట తేలకూడదని చూసింది.

మిస్ ఓపల్ ఎప్పుడు లోపలికి వెళ్ళిందో వాళ్ళు గమనించలేదు. కొట్టు తలుపు దగ్గరనుంచి గొంతు వినపడింది.

"డెంజిల్! కాఫీలోకి చక్కెర ఎన్ని చెంచాలయ్యా? చాలా రోజులైంది, మర్చిపోయాను."

డెంజిల్ నీళ్ళలోనే నిలబడి ఉన్నాడు.

"రెండు" అంది ఓర్లీన్, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "పాలొద్దు."