మైకు పక్క డ్యూటీ

వార్డు ఆఫీసరు నరహరి మీద పరుశురాంకు నాలుగేళ్ల కోపం. ఆ కోపానికి ఇస్త్రీ చేసే పని మాత్రం ఆయన భార్య కరుణది.

వార్డు సభ పెట్టిన ప్రతిసారీ ఆయనకు తెల్ల చొక్కా కావాలి. కాలరు నిలబడాలి, గ్రీజు వాసన రాకూడదు. లాలాగూడలో స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఆయనది. ఏడో తరగతిలో బడి మానిన రోజు నుంచీ ఆ చేతులు పానాలు పట్టినవే. "మెకానిక్ అంటే అల్కగ చూస్తడే ఆ నరహరి. ఆఫీసరైతే ఏంది, నేను తిండి తింటలేనా?" అని అద్దం ముందు నిలబడి అద్దంలో ఉన్నవాడినే తిడతాడు. మురికి నాలా వెడల్పు చేసినప్పుడు వీళ్ల జాగ అందులో కలిసింది. పక్కవాళ్లందరికీ పరిహారం వచ్చింది, వీళ్లకు రాలేదు. నాలుగు అర్జీలు పెట్టాడు. వార్డు ఆఫీసులో ప్రతిసారీ ముద్ర గుద్ది తీసుకున్నారు. తీసుకున్న అర్జీ ఏమైందో ఎవరూ చెప్పలేదు.

"ఇయ్యాల సభల నాకు డ్యూటీ పడ్డది," అంది కరుణ, కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ.

యూనివర్సిటీ క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం ఆమెది. కిందటి సభలో ఎవరో కుర్చీ విసిరారట. అందుకని ఈసారి ఆఫీసువాళ్లు ఏజెన్సీని అడిగి ఆడ గార్డులను పెట్టుకుంటున్నారు.

పరుశురాం గట్టిగా నవ్వాడు. "అంటే నేను లొల్లి చేస్తే నువ్వే బయటికి గుంజుతవా? గుంజు, గుంజు. పెండ్లైనప్పటి సంది నా చెయ్యి పట్టి నల్గురిల నడిచినవా ఏమన్ననా?" నవ్వుతూనే కింద కూర్చుని ఆమె డ్యూటీ బూట్లు ఒళ్లో పెట్టుకున్నాడు. పాత స్కూటర్ ట్యూబును పాదం కొలతకు కోసి లోపల పరిచాడు. పది గంటలు నిలబడి వచ్చి రాత్రి ఆమె మడమలు నొక్కుకోవడం ఆయన చూస్తూనే ఉంటాడు. చూసి ఊరుకునే మనిషి కాదు. అదే ఆమెకు కష్టం. చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడం ఎంత సులువుగా ఉండేదో.

తార్నాకలో కమ్యూనిటీ హాలు పది గంటలకే నిండింది. సూపర్‌వైజర్ సామేలు గార్డులను పక్కకు పిలిచి చెప్పాడు. "మొగోళ్లను పెడితే కొట్లాట అయితది. ఆడామె అడ్డం నిలవడితె ఎవ్వడు చెయ్యి లేపడు. కరుణక్కా, నువ్వు మైకు పక్క. టైం అయిందని బెల్లు కొట్టంగనే నవ్వుకుంట మైకు తీస్కో. ఎవడన్న ఎగిరితే నీళ్లియ్యి, కూసోపెట్టు. ఇనకపోతే తలుపు కాడ పోలీసులున్నరు. నువ్వైతే గొంతు లేపకు."

ఏజెన్సీవాళ్లు దీనికి రెండు రోజుల శిక్షణ అన్నారు. కరుణకు లోలోపల నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్న పని ఇదే కదా. కరెంటు పోతే ఎగిరే మామను, కూరలో ఉప్పు తగ్గితే కంచం నెట్టే మరిదిని, నరహరి పేరు వింటే చాలు గోడకు గుద్దే మొగుణ్ని నవ్వుతూ, నీళ్లిస్తూ, గొంతు లేపకుండా కూర్చోబెట్టడమే ఆమె కాపురం. "మొగోని కోపం కుంపటసొంటిది బిడ్డా, బూడిద కప్పుకుంట ఉండాలె," అనేది అత్త అమృతమ్మ. కప్పీ కప్పీ ఆ బూడిదలో తన చేతులెక్కడున్నాయో ఆమెకే కనబడకుండా పోయాయి. ఇంట్లో ఆ పనికి పేరు కూడా లేదు. ఇక్కడ పేరుంది, మెడలో ఒక కార్డుంది, తల మీద టోపీ ఉంది. పని మాత్రం అదే. అప్పటికే ముగ్గురు మగవాళ్లను కూర్చోబెట్టింది. పార్కు గురించి అరిచిన రిటైర్డ్ శ్రీనివాసరావు గారికి ఫ్యాను కింద కుర్చీ చూపిస్తే పిల్లాడిలా కూర్చుని, "థాంక్స్ అమ్మా, బీపీ మనిషిని," అన్నారు. డ్రైనేజీ మల్లన్నకైతే నీళ్ల గ్లాసుతోనే సరిపోయింది. మనుషులకు కావలసింది ఇంతేనా, ఎవరో ఒకరు తమ వైపు నడిచి రావడం, అనుకుంది. ఆ నడిచి వెళ్లే మనిషి ఎప్పుడూ తనే ఎందుకవుతోంది అని కూడా అనుకుంది.

మాట్లాడే వరసలో పద్నాలుగో టోకెన్ పరుశురాంది.

ఇస్త్రీ చొక్కాలో ఆయన పెళ్లిచూపులకు వచ్చినవాడిలా నడిచి వచ్చాడు. మైకు దగ్గర ఆమెను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. "సార్, నాలా పక్కన నా జాగ పోయింది. నాలుగేండ్లాయె నా జాగ పైసలకు తిరుగుతున్న. నా కష్టం, నా చెమట..." నా, నా, నా. ఒక్కో 'నా' దగ్గర కరుణ బొటనవేలు బూటులో ముడుచుకుంటూ వచ్చింది.

స్టేజీ మీద నరహరి లాప్‌టాప్‌లోంచి తల ఎత్తాడు. చెడ్డ మనిషి మొహం కాదు, నిద్ర చాలని మొహం. "పరుశురాం గారూ, మీ పేరు మీద ఆ నాలా పక్కన ఇంచు జాగ లేదండి. నాలుగు అర్జీల మీదా అదే రాసి పెట్టినం. అర్జీదారునికి హక్కు లేదు అని."

హాల్లో ఎవరో ఈల వేశారు. వెనక నుంచి, "కబ్జా జాగనా అన్నా? మాకు గూడ జర సూపెట్టు!" అన్నారు. నవ్వులు.

పరుశురాం మొహం మొదట తెల్లబోయింది, తర్వాత కందిపోయింది. మైకు స్టాండును రెండు చేతులా పట్టి లేపాడు. "ఎవడ్రా కబ్జా? ఎవడు?" తీగ గుంజుకుని స్పీకరు కీచుమంది. తలుపు దగ్గర పోలీసులిద్దరూ లేచారు. సామేలు ఈవల నుంచి రెండు వేళ్లు ఆడించాడు. తీసుకుపో అని సైగ.

కరుణ వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది. "కరుణా, నువ్వు చెప్పు. నేను అబద్దమాడుతున్ననా? గంతమందిల నన్ను దొంగను చేసిండు." ఆ గొంతులో కోపం లేదు. రాత్రంతా కాపలా కాసి పొద్దున సొమ్ము పోయిందని తెలిసినవాడి గొంతది.

"కాదు. అబద్దం కాదు. గీడ కూసో ముందుగాల," అంది. స్టాండు కింద పెట్టించింది, ముందు వరసలో కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. పోలీసులు ఆగారు.

అప్పుడు ఆమెకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. నాలుగు అర్జీలూ ఆయన పేరు మీదే పోయాయి. ఆ జాగ ఆమె పేరు మీద ఉంది. గార్డు ఉద్యోగానికి ముందు పదకొండేళ్లు హాస్టల్ మెస్సులో చపాతీలు ఒత్తింది కరుణ. రోజుకు ఆరేడు వందల చపాతీలు. ఆ జీతంలోంచి కట్టిన చిట్టీ డబ్బులతో కొన్నదే ఆ జాగ. రిజిస్ట్రేషన్ రోజు కాయితాలు రాసే ఆయన, "ఎవరి పేరు మీద?" అంటే పరుశురామే, "మా ఆమె పేరు మీదనే రాయుండ్రి. చపాతీలు చేసిన చేతులు ఆమెయి, నాయి కావు," అన్నాడు. ఆ మాటకు ఆ రోజు దారంతా ఆమె ఏడుస్తూ నవ్వింది. తర్వాత ఏళ్లు గడిచాయి. ఇద్దరిదీ అయింది, మాది అయింది, ఎప్పుడో ఏ మాటలోనో నాది అయిపోయింది. ఆయన మోసం చేయలేదు. మరిచిపోయాడు, అంతే. తను పెట్టిన పేరును తనే మరిచిపోయేంత సులువుగా మరిచిపోయాడు. మొదటి అర్జీ అప్పుడు ఆమె అంది కూడా, "కాయితం నా పేరు మీద ఉన్నది గదా, నేను రాస్తనియ్యి, పదో తరగతి చదివినదాన్ని." ఆయన పెన్ను వదల్లేదు. "నీదేంది నాదేంది పిచ్చిదానా, మనిద్దరం ఒకటే కాదా?" ఒకటే. ఆ ఒకటిని ఎవరి పేరుతో పిలవాలో మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆమె టీ పెట్టడానికి లేచి వెళ్లింది. నాలుగేళ్లు పోయాయి.

"శభాష్ అక్కా," సామేలు చెవిలో అన్నాడు. "ఇగ మెల్లగ బయటికి తీస్కపో."

కరుణ కదల్లేదు. "అన్నా, నాకు టీ టైం పది నిమిషాలు ఉంటది గదా?"

"ఉంటది. ఇప్పుడేంది?"

"ఇప్పుడే తీసుకుంటున్న." టోపీ తీసి అతని చేతిలో పెట్టింది. సామేలు ఆ టోపీని అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మీద రూలేదో రాసి ఉంటుందని వెతుకుతున్నట్టు.

టోకెన్ల బల్ల దగ్గర క్యాంపస్ పిల్ల స్నిగ్ధ కూర్చుని ఉంది, వాలంటీరు. రోజూ హాస్టల్ గేటు దగ్గర సంతకం పెట్టి పోయే పిల్లే. "బిడ్డా, నాకొక టోకెన్ రాయి."

"ఆంటీ, మీరు డ్యూటీల ఉన్నరు కదా?"

"టీ తాగుతున్న. రాయి."

స్నిగ్ధ పెన్ను తీసి ఆగింది. "మీ పేరేంటి ఆంటీ?" మూడేళ్లుగా రోజుకు రెండుసార్లు గేటు తీస్తున్న మనిషిని అప్పుడు అడిగి, తనే సిగ్గుపడి తల వంచుకుని రాసింది.

మైకు ముందు నిలబడితే స్టేజీ అంత ఎత్తేమీ లేదు. పక్కన ఎవరూ లేరు. బెల్లు కొట్టినా నవ్వుకుంటూ వచ్చి మైకు తీసుకునే మనిషి ఈసారి హాల్లో లేదు. తన గొంతు స్పీకర్లోంచి తిరిగి తనకే వినబడితే, ఇదా నా గొంతు, ఇంత లావుగా ఉంటదా అనుకుంది.

"సార్, పరుశురాం మా ఆయన. అర్జీల పేరు తప్పు రాసిండు, గంతే. దొంగ కాడు. కబ్జా అన్న తమ్ముడెవరో ఉన్నడు గదా, ఆయన జర లేచి మా ఆయనకు సారీ చెప్పాలె. నేను ఆగుత."

వెనక వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. "సారీ అన్నా," అని సన్నగా వినబడింది.

"ఇగ కరుణ అని కొట్టి చూడుండ్రి సార్."

నరహరి టైపు చేశాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. వస్తున్న ఆవలింత ఆగిపోయింది. "ఉన్నదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "మీ పేరు మీద ఉన్నది. అర్జీ ఒక్కటే లేదు. మీరు రాసిస్తే ఇప్పుడే తీసుకుంట. విస్తీర్ణం చెప్పండి, పోయింది ఎంత?"

"వంద గజాలు సార్!" ముందు వరసలోంచి పరుశురాం లేచి అరిచాడు. ఇస్త్రీ చొక్కా నలిగింది, కళ్లు తడిగా మెరుస్తున్నాయి. "వంద! రాసుకోండ్రి!"

కరుణ వెనక్కి తిరిగింది. ఆ పూట నలుగురు మగవాళ్లను కూర్చోబెట్టిన అదే అరచెయ్యి ఎత్తింది. ఈసారి నీళ్లూ ఇవ్వలేదు, కుర్చీ వైపు నడిచి కూడా పోలేదు.

"కూసో. నేను మాట్లాడుతున్న గదా."

ఆయన కూర్చున్నాడు. నోరు కొంచెం తెరిచి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ రోజు చూసినట్టే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె మైకు వైపు తిరిగింది.

"వంద కాదు సార్. నాది అరవై ఏడున్నర గజాలు."