నూటపన్నెండో పేజీ

పదో తరగతి సోషల్ పుస్తకాలు అరవై బల్ల మీద పోసి, అటెండర్ మంగయ్య చేతికి తెల్లకాగితాల కట్ట అందించాడు సోషల్ సారు హరిప్రసాద్.

"నూటపన్నెండో పేజీ మీద అంటించు. చరిత్ర మీద కొత్త చట్టమొచ్చింది. దాని కింద ఏసిన కమిటీ వద్దన్న పాఠం పిల్లల కంట పడితే నా నౌకరి ఊడుతది. రేపే తనిఖీ."

మంగయ్య పేజీ తిప్పాడు. ఐదో తరగతిలోనే బడి మానేసినా ఆ పేజీలో ఒక్క వాక్యం మాత్రం తడుముకోకుండా చదవగలడు. "టేకులపల్లి అడవిలో పోడు చేలకు అడ్డంగా అటవీశాఖ కందకం తవ్వుతుంటే, కన్నమ్మ అందులో పడుకుని జేసీబీని ఆపింది." కన్నమ్మ అతని తల్లి. పోడుకు పట్టా రాకముందే కన్నుమూసింది. ఆమె పేరు అచ్చులో ఉన్నది ఇక్కడొక్కచోటే.

"సారూ, గిది మా అమ్మ."

"తెలుసు."

"ఎందుకు తెల్వదు? మా గుడిసెల కూసొని, ఆమె పోసిన జావ తాగి, ఆమె చెప్పింది రాసుకపోయి పుస్తకానికి పంపింది నువ్వే గద. గా పాఠానికి ఖమ్మంల శాలువా గూడ కప్పించుకుంటివి."

"నోరు లేస్తుందేంది? అవుట్‌సోర్సింగోడివి. ఒక్క ఫోన్ కొడితే రేపు ఇంటికాడుంటవ్."

మంగయ్య కాగితాల కట్ట పక్కన పెట్టి, మైదా పొట్లం విప్పాడు. ఇరవై ఏళ్లు ఎలక్షన్ పోస్టర్లు అంటించిన చెయ్యి అతనిది. మైదా ఉడికించి జిగురుగా లై కాస్తే గోడ ఊడినా కాగితం ఊడదు. పచ్చి మైదా అయితే తడి ఉన్నంతసేపే పట్టు, ఆరిందంటే పొలుసులా లేస్తుంది. ఖమ్మంలోని ఖానాపురం హవేలి నుంచి బండి మీద వచ్చిపోయే సారుకు ఆ సంగతేం తెలుసు?

మంగయ్య పొయ్యి ముట్టించలేదు.

సాయంత్రానికి అరవై పేజీలూ తెల్లబడ్డాయి. హరిప్రసాద్ తడి కాగితం వేలితో నొక్కి చూసి, బాగుందని వెళ్లిపోయాడు. పుస్తకాలు తెరిచి రాత్రంతా ఆరబెట్టాడు మంగయ్య.

మర్నాడు తనిఖీ అధికారి తరగతిలో నిలబడి, "నూటపన్నెండో పేజీ తియ్యండి," అన్నాడు. పిల్లలు తీశారు. ఫ్యాను గాలికి కాగితాలు లేచి బెంచీల కింద పడ్డాయి. ముందు బెంచీలోని చాంది అడక్కుండానే గట్టిగా చదివేసింది. "కన్నమ్మ అందులో పడుకుని..."

అధికారి పుస్తకం లాక్కున్నాడు. "ఎవరి పనిది?"

"వీడే సార్, అటెండర్! నాకేం తెల్వదు," హరిప్రసాద్ వేలు గుమ్మం వైపు తిరిగింది.

"అవ్, నేనే," అన్నాడు మంగయ్య. "కాయితం అంటించినోన్ని రాసుకోండ్రి. కిందున్న ముచ్చట రాసిచ్చినోన్ని గూడ రాసుకోండ్రి. ఆయన గీ గదిలనే ఉన్నడు."

బడి తాళాలగుత్తి బల్ల మీదికి విసిరి బయటికి నడిచాడు. వెనక అధికారి ఆ రాసిచ్చినవాడి పేరు అడుగుతున్నాడు. హరిప్రసాద్ వంగి బెంచీల కింది కాగితాలు ఏరుతున్నాడు.