మార్చింది: హరిణి

సాయంత్రం హరిణి చారు తాలింపు వేస్తుంటే అత్తగారు కనకరత్నం గుమ్మంలో నిలబడి అంది. "కూర్చుని ఫోనెత్తే ఉద్యోగానికి ఇంత నీరసమేంటమ్మా? వాడు ఎండలో చెరువుల వెంట తిరిగొస్తాడు, ఏనాడైనా అలిసిపోయానన్నాడా?"

హరిణి పొయ్యి మంట తగ్గించింది. ముందుగదిలో భర్త గిరిధర్ ఆమె ఫోను చూస్తున్నాడు. తనది చార్జింగు అయిపోయిందంటూ ఆమెది తీసుకోవడం అతనికి అలవాటే. దాని పాస్‌వర్డు పెట్టింది కూడా అతనే.

ఇద్దరిదీ ఏలూరులో ఒకటే ఆఫీసు. రొయ్యల చెరువుల నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు అమ్మే కంపెనీ. యంత్రం ఆగిపోయిందని రైతు ఫోను చేస్తే హరిణి కంప్యూటర్లో ఆ ఫిర్యాదుకు టికెట్ తెరిచి, బాగుచేసే మనిషి పేరు మీద పెడుతుంది. ఆ మధ్యాహ్నం ముదినేపల్లి దగ్గర్నుంచి ఇస్సాకు అనే కౌలు రైతు ఫోను చేస్తే, టికెట్ గిరిధర్ పేరు మీద పెట్టి, "ఇవాళే వస్తారండీ" అని మాటిచ్చింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళేసరికి ఇస్సాకు చెరువులో రొయ్యంతా చచ్చి తేలిందని తెలిసింది. ఎవరూ వెళ్ళలేదు. మేనేజరు నిత్యానందం గారు వచ్చి ఆ టికెట్ హిస్టరీ తెరవమన్నారు. పని ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకు మారిందో, ఎవరు ఎప్పుడు, కంప్యూటర్లోనో ఫోనులోనో మార్చారో అందులో కనిపిస్తుంది. ముందురోజు సాయంత్రం ఏడింటికి, ఫోనులోంచి గిరిధర్ పేరు తీసి హరిణి పేరు పెట్టి ఉంది. మార్చింది: హరిణి.

ఆ సమయానికి తను పొయ్యి దగ్గర ఉంది.

"సాయంత్రం ఆ రైతు వస్తాడమ్మా. ఏం చెబుతారో ఆలోచించుకోండి" అని ఆయన వెళ్ళిపోయారు.

వెనకటి టికెట్లు తెరిచి చూసింది. అలాంటివి ఇంకా ఉన్నాయి. తను జ్వరంతో పడుకున్న రోజునా, చెల్లెలు హిమజ పురిటికి ఫోను లేకుండా తాడేపల్లిగూడెం వెళ్ళిన రోజునా, పని ఆలస్యమైన ప్రతిచోటా మార్చింది హరిణే. మతిమరుపు ఎక్కువైందమ్మా మీకు అని నిత్యానందం గారు ఒకసారి అంటే, నిజమే కాబోలు అనుకుంది. ఇంట్లోనూ అదే మాట కదా. పాలు పొంగించావు, తాళం ఎక్కడో పడేశావు, నీకు బుర్ర పనిచెయ్యదు. వినీ వినీ తన బుర్రను తనే నమ్మడం మానేసింది. ఆ ఫోనులోంచి తన పేరున ఇంకెక్కడ ఏం జరిగిందో? ఎవరికి ఏం వెళ్ళిందో?

భోజనాల వేళ గిరిధర్ ఆమెను మెట్ల దగ్గరికి పిలిచాడు.

"నిన్న తణుకులో ఫ్రెండు గృహప్రవేశానికి వెళ్ళాను. నువ్వు మర్చిపోయానని చెప్పు. నిన్నైతే నాలుగు మాటలని వదిలేస్తారు. నాకైతే ఉద్యోగం పోతుంది."

"మీరే మార్చారా?"

"నీ పేరూ నా పేరూ వేరా ఏంటి?" అన్నాడు మెత్తగా.

అతను కొట్టడు, అరవడు. కోపమొస్తే ఆమె ఫోనూ బండి తాళమూ జేబులో వేసుకుని, ఆమె బతిమాలేదాకా చిరునవ్వుతో కూర్చుంటాడు. ఇప్పుడూ అదే చిరునవ్వు.

సాయంత్రం ఇస్సాకు వచ్చి మేనేజరు గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. గిరిధర్ తలుపు పక్కన నిలబడ్డాడు.

"మీరు పంపుతానన్నారు కదమ్మా" అన్నాడు ఇస్సాకు. అతని గొంతులో కోపం కూడా మిగల్లేదు. "తెల్లారేదాకా గట్టు మీదే చూశానండీ."

మర్చిపోయాననే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నోసార్లు అన్న మాటే. ఆ మనిషి మొహం చూస్తూ అనలేకపోయింది.

"నేను మార్చలేదండీ. అప్పుడు నా ఫోను ఆయన దగ్గరుంది."

"ఆయనంటే ఎవరమ్మా?"

"గిరిధర్."

పక్కన 'గారు' లేకుండా ఆ పేరు ఆమె నోటివెంట రావడం అదే మొదలు. తలుపు పక్కన చిన్న నవ్వు వినిపించింది. ఆమె అటు తిరగలేదు. తిరిగితే మాట మారిపోతుందని భయం.

నిత్యానందం గారు ఆమె వైపు చూశారు. "ఇంటికెళ్ళి వచ్చాక కూడా ఇదే మాట చెబుతారా?"

హరిణి బల్ల మీది కాగితం ఆయన ముందుకు జరిపింది.

"భయంగా ఉందండీ. అందుకే ఇంటికెళ్ళకముందే రాసుకోండి."